లీల కెమెరాకెక్కిన ఏడాది

యమున అవతల లక్ష్మీ నగర్‌లో 2020 దసరాకు మేళా లేదు, జనం లేరు. మిగిలినవి డాబా, ఫోను, వేషం కట్టిన పిల్లలు

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్‌లో లక్ష్మీ నగర్ స్టేషన్‌కు ఓ విశేషముంది. అక్కడి నుంచి నగరం వైపు వెళ్తే నాలుగో స్టేషన్ మండీ హౌస్. వెనక్కి తిరిగి శివారు వైపు వెళ్తే నాలుగో స్టేషన్ ఆనంద్ విహార్. మొదటిది రాజధానిలోని నాటకశాలలు, నృత్య సంస్థలు, ఆడిటోరియాలు కొలువైన కూడలి. రెండోది ఉత్తరప్రదేశ్, బీహార్‌లకు బస్సులు, రైళ్లు బయల్దేరే చోటు. కళలు చూసే ఢిల్లీకీ, పొట్టకూటి కోసం వచ్చిన ఢిల్లీకీ సరిగ్గా మధ్యలో ఉంది లక్ష్మీ నగర్. దాని స్వభావం కూడా అంతే. రెండింటికీ చెందుతుంది, పూర్తిగా దేనికీ చెందదు.

నది పడమటి ఒడ్డున ఉండేవారు ఈ ప్రాంతాన్నంతా 'జమునాపార్' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ మాటలో కాస్త చులకన కూడా ధ్వనిస్తుంది. ఐటీఓ దగ్గర వంతెన దాటి వికాస్ మార్గ్ మీదికి రాగానే ఎడమా కుడీ కనిపించేవి హోర్డింగులే. సినిమా హీరోల కటౌట్ల స్థాయిలో నవ్వుతూ నిలబడేది నటులు కాదు, అకౌంట్స్ మాస్టార్లు, ఆడిటింగ్ మాస్టార్లు, టాక్స్ పాఠాలు చెప్పేవాళ్లు. సాఫ్ట్‌వేర్ కోర్సులకు హైదరాబాద్‌లో అమీర్‌పేట ఎలాగో, చార్టర్డ్ అకౌంటెన్సీ కోచింగ్‌కు ఉత్తర భారతంలో లక్ష్మీ నగర్ అలాగ. వెనుక వీధుల్లో చిన్న చిన్న స్థలాల్లో నాలుగైదు అంతస్తుల ఇళ్లు, ఒకదాని భుజం మీద ఇంకొకటి ఆనినట్టుంటాయి. కింద దుకాణం, పైన యజమాని కుటుంబం, ఆపైన అద్దె గదుల్లో విద్యార్థులు. తలెత్తితే ఆకాశం కన్నా ముందు కరెంటు తీగలే కనిపిస్తాయి. పార్కులు తక్కువ, ఆటస్థలాలు ఇంకా తక్కువ. ఇలాంటి చోట 'ఆరుబయలు' అనే మాటకు అర్థం ఒక్కటే, డాబా.

ఆ డాబాలే 2020లో వేదికలయ్యాయి. ఎందుకయ్యాయో తెలియాలంటే ముందు ఈ నగరానికి దసరా అంటే ఏమిటో తెలియాలి.

బాలే అంటే లీలే

మనవాళ్లకు దసరా అంటే బొమ్మల కొలువు, అమ్మవారి అలంకారాలు, జమ్మిచెట్టు. ఒకప్పుడు కోస్తా పల్లెల్లో బడిపిల్లలు విల్లంబులు పట్టుకుని పంతులుగారి వెంట ఇంటింటికీ తిరిగేవారు. ఢిల్లీలో దసరా అంటే రామలీల. నవరాత్రి తొలిరోజు నుంచి విజయదశమి దాకా మైదానాల్లో రాముడి కథ రాత్రికి కొంత చొప్పున సాగుతుంది. చివరి రోజు రావణ, కుంభకర్ణ, మేఘనాథుల దిష్టిబొమ్మలు తగలబడతాయి. ఎర్రకోట ముందు జరిగే లీలలకు ప్రధానులు, రాష్ట్రపతులు వస్తారు. జమునాపార్‌లోనూ ఐపీ ఎక్స్‌టెన్షన్ మైదానం మొదలు చిన్న కాలనీల దాకా ఎవరి లీల వారిదే. రామలీల సంప్రదాయాన్ని 2008లో యునెస్కో మానవాళి అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ మైదానాల లీలకు ఒక నాగరిక రూపం కూడా ఉంది. మండీ హౌస్ దగ్గర కోపర్నికస్ మార్గ్‌లోని శ్రీరామ్ భారతీయ కళాకేంద్ర 1957 నుంచి రామాయణాన్ని నృత్యరూపకంగా ప్రదర్శిస్తోంది. రోజుల తరబడి సాగే కథను ఒక్క సాయంత్రానికి కుదించి, కథక్, భరతనాట్యం, మయూర్‌భంజ్ ఛౌ వంటి శైలులను కలిపి చూపడం దాని ప్రత్యేకత. తొలినాళ్లలో దానికి నృత్యం కూర్చిన నరేంద్ర శర్మ, ఉదయ్ శంకర్ శిష్యుడు.

ఉదయ్ శంకర్ పేరు ఇక్కడ ఊరికే రాలేదు. అల్మోరాలోని తన కేంద్రంలో 1940ల ఆరంభంలో ఆయన రామలీలను నీడలతో ప్రదర్శించారు. పెద్ద తెర వెనుక నర్తకులు, తెర మీద వారి నీడలు. మన తోలుబొమ్మలాటలో బొమ్మల స్థానంలో మనుషులను నిలిపితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఆ తర్వాత ఆయనే మద్రాసు జెమినీ స్టూడియోలో 'కల్పన' సినిమా తీశారు. 1948లో విడుదలైన ఆ సినిమా, నృత్యాన్ని వేదిక మీద నుంచి తెచ్చి కెమెరా ముందు పెడితే సరిపోదనీ, కెమెరా కోసమే మళ్లీ కూర్చుకోవాలనీ తెలిసిన నర్తకుడి పని. డెబ్భై రెండేళ్ల తర్వాత ఢిల్లీ కాలనీల్లో ఫోన్లు పట్టుకున్నవారు ఆ సంగతిని తమంతట తామే తెలుసుకోవలసి వచ్చింది.

బాలే అనే మాట తెలుగువారికీ కొత్తది కాదు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన వెంపటి చినసత్యం రూపొందించిన నృత్యనాటకాలను జనం 'కూచిపూడి బాలే' అనే పిలిచారు. అంతకు ముందు భాగవతులు ఆడింది వీధిలోనే, ఆరుబయటే, కాగడాల వెలుగులోనే. పాత్ర ప్రవేశానికి ముందు ఇద్దరు తెర పట్టేవారు. ఆ తెర వెనుక ఎవరున్నారో అని జనం మెడలు సాచేవారు. లీలైనా, భాగవతమైనా సగం ఆట వేదిక మీద ఉంటే మిగతా సగం ఆ మెడలు సాచడంలో ఉంటుంది.

రెండు దృశ్యాలు, ఒకే రోజు

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూతో మెట్రో ఆగిపోయింది. ఆ సాయంత్రం అయిదింటికి దేశమంతా బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది, కంచాలు మోగించింది. ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు దీపాలు వెలిగించింది. చేయి చాస్తే ఎదురింటి గోడ తగిలే ఇలాంటి వీధుల్లో బాల్కనీ ఒక్కసారిగా గ్యాలరీ అయింది. ఎదుటివాళ్లే ప్రేక్షకులు, ఎదుటివాళ్లే పాత్రధారులు.

ఆ రెండు రోజుల మధ్య మార్చి 28 వచ్చింది. ఆ ఉదయం తొమ్మిదింటికి దూరదర్శన్ రామానంద్ సాగర్ 'రామాయణ్' ధారావాహికను మళ్లీ ప్రసారం చేయడం మొదలుపెట్టింది. 1987-88లో వీధులను నిర్మానుష్యం చేసిన ధారావాహిక అది. ఈసారి వీధులు ముందే నిర్మానుష్యమయ్యాయి. ఏప్రిల్ 16న ఒక్కరోజే దాన్ని 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. అదే మార్చి 28న ఆనంద్ విహార్ బస్ టెర్మినల్ దగ్గర వేలాది వలస కూలీలు మూటాముల్లె, పిల్లాపాపలతో సొంతూరి బస్సు కోసం తొక్కిసలాడుకున్నారు. తూర్పు ఢిల్లీ రోడ్ల మీద నడిచి వచ్చినవారు ఎందరో. ఇళ్లలో టీవీల్లో వనవాసం, నాలుగు స్టేషన్ల అవతల అసలు వనవాసం. రెండింటినీ చూసింది ఒకే నగరం.

లక్ష్మీ నగర్‌లో విద్యార్థులు ఊళ్లకు వెళ్లిపోయారు. మే నెల సీఏ పరీక్షలు వాయిదా మీద వాయిదా పడి, చివరకు జులైలో రద్దయి నవంబర్ పరీక్షల్లో కలిశాయి. గదులు ఖాళీ. అద్దెలు లేవు. అద్దెల మీద బతికే ఇళ్లున్న వీధుల్లో ఆ మౌనం విలువ రూపాయల్లో తెలుస్తుంది.

అయితే ఒక విషయంలో ఈ పేట మిగతా ఢిల్లీ కన్నా ముందుంది. ఇక్కడి కోచింగ్ మాస్టార్లకు కెమెరా కొత్త కాదు. మహమ్మారికి చాలా ముందే పాఠాలను రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి దూరప్రాంతాల విద్యార్థులకు అమ్మడం ఇక్కడ స్థిరపడిన వ్యాపారం. ఎదుట లేని వాడికి పాఠం ఎలా చేరవేయాలో లక్ష్మీ నగర్‌కు తెలుసు. బోర్డు మొత్తం కనిపించేలా కెమెరా ఎక్కడ పెట్టాలి, మైకు కాలర్‌కు ఎంత దూరంలో ఉండాలి వంటివి ఇక్కడివారికి వెన్నతో పెట్టిన విద్య. పాఠానికి ఆ పద్ధతి చాలు. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ చూడొచ్చు. లీలకు అది చాలుతుందా అన్నదే ఆ ఏటి ప్రశ్న.

ఆరు రోజుల ముందు అనుమతి

సెప్టెంబర్ 9న బ్లూ లైన్ మళ్లీ కదిలింది. జనం బయటికి రావడం మొదలైంది. దసరా సంగతి మాత్రం తేలలేదు. అక్టోబర్ 17న నవరాత్రులు మొదలవుతాయనగా 11న ఢిల్లీ విపత్తు నిర్వహణ సంస్థ అనుమతి ఇచ్చింది. షరతులు చాలా ఉన్నాయి. మేళాలు, తినుబండారాల స్టాళ్లు, ఊరేగింపులు ఉండకూడదు. చూడవచ్చిన వారు కుర్చీల్లోనే దూరదూరంగా కూర్చోవాలి, నిలబడరాదు, నేల మీద కూర్చోరాదు. రావడానికో దారి, పోవడానికో దారి. మాస్కు తప్పనిసరి.

వేదికలు కట్టడానికి, తాలీమ్‌కు వారాలు పట్టే పెద్ద కమిటీలకు ఆరు రోజులు ఏ మూలకు? ఎర్రకోట దగ్గరి ప్రసిద్ధ లీలలు ఆ ఏడాది జరగలేదు. పైగా మేళా వద్దనడమంటే లీలకు డబ్బులు వద్దనడమే. పెద్ద మైదానాల్లో రాముడి ఖర్చు భరించేది చాలావరకు చాట్ బండ్లూ, స్టాళ్ల అద్దెలూ, ప్రకటనలే. నేల మీద కూర్చోరాదన్న నిబంధన ఇంకా లోతుగా తగిలింది. పిల్లలు లీలను చూసేది కుర్చీల్లోంచి కాదు. వేదికకు ఆనుకుని, దుప్పటి మీద ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని చూస్తారు.

అసలు ఏం చేయాలన్న ప్రశ్నకు ఆ ఏడాది దేశంలో రెండు సమాధానాలు వినిపించాయి. కాశీకి ఎదురుగా రామ్‌నగర్‌లో నెల రోజుల పాటు, మైకుల్లేకుండా, విద్యుద్దీపాల్లేకుండా ఊరంతా తిరుగుతూ సాగే లీల అసలే జరగలేదు. అక్కడ జనం కూడా కథతో పాటు అయోధ్య నుంచి లంకకు నడుస్తారు. జనం లేకపోతే లీల లేదు, అంతే. మరోవైపు అయోధ్యలో సరయూ ఒడ్డున లక్ష్మణ్ కిలా దగ్గర సినిమా, టీవీ నటులతో తొమ్మిది రోజుల లీల ఆడారు. జనాన్ని రానివ్వలేదు, దూరదర్శన్‌లో ప్రసారం చేశారు. జనం లేకపోయినా కెమెరా ఉంటే లీల ఉన్నట్టే అన్నది అక్కడి సమాధానం.

తెలుగునాట కూడా దేవుళ్లు ఆ ఏడాది కెమెరా ముందే దర్శనమిచ్చారు. ఏప్రిల్ 2న భద్రాచలంలో సీతారాముల కల్యాణం మిథిలా స్టేడియంలో కాక గుడి లోపల, భక్తులు లేకుండా జరిగింది. జనం టీవీల్లో చూసి అక్షతలు వేసుకున్నారు. అధికమాసం వల్ల తిరుమలలో ఆ ఏడు రెండు బ్రహ్మోత్సవాలు వచ్చాయి. రెండూ ఏకాంతంగానే జరిగాయి, మాడ వీధుల్లో వాహనాలు తిరగలేదు. కానీ పూజకూ లీలకూ తేడా ఉంది. ఏకాంత సేవ అన్నది పూజలో ఉన్నదే. ఏకాంత లీల అన్న మాట మాత్రం లేదు.

రెండు గజాల దూరంలో భరతుడు

ఈ రెండు సమాధానాల మధ్య మూడోది కాలనీలు వెతుక్కున్నాయి. డాన్సు క్లాసుల టీచర్లు, అపార్ట్‌మెంట్ సంఘాలు, తల్లిదండ్రులు కలిసి పిల్లల చేత లీలను చిన్న చిన్న ముక్కలుగా ఆడించి, ఫోనులో తీసి, ముక్కలు అతికించి దసరా నాటికి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. వేదిక పార్కో, పార్కింగ్ స్థలమో, డాబానో. గాలి ఆడే చోట వైరస్ పలచబడుతుందన్న సంగతి అప్పటికి అందరికీ అర్థమైంది. ఏసీ హాల్లో తలుపులు బిడాయించి చేసే తాలీమ్ కన్నా డాబా మేలు.

వినడానికి సులువుగా ఉంటుంది కానీ ఆరుబయట నృత్యం చిత్రీకరించడం మొండి వ్యవహారం. అక్టోబర్ చివర ఢిల్లీలో సూర్యాస్తమయం అయిదు గంటల నలభై నిమిషాలకు అటూఇటూగా. మధ్యాహ్నం ఎండలో కిరీటం నీడ కళ్ల మీద పడి ముఖం కనిపించదు. సాయంత్రం నాలుగున్నర దాటాక వెలుగు మెత్తబడుతుంది, అక్కడి నుంచి గట్టిగా గంట సమయం. ఆ గంటలో కూడా అక్టోబర్ ఢిల్లీకి సొంత తెర ఒకటుంది. పంట పొలాల పొగ, వాహనాల పొగ కలిసి దూరాన ఉన్నవన్నీ బూడిద రంగులో ముంచేస్తాయి. పక్క వీధిలో కుక్కర్ విజిల్, కూరగాయల బండి కేక రికార్డవుతాయి గనుక సంభాషణలు ఇంట్లో ముందే రికార్డు చేసి, చిత్రీకరణప్పుడు స్పీకర్‌లో వినిపిస్తే పిల్లలు పెదవులు కదపాలి. ఈ పద్ధతి నృత్యరూపకాలకు పాతదే. ఫోను అడ్డంగా పట్టాలి, పాదాలు ఫ్రేములో ఉండాలి. పాదాలు కోసేస్తే అది నృత్యం కాదు, ముఖాల ఫొటో. పాదాలు కనిపించాలంటే దూరం జరగాలి. దూరం జరగడానికి చిన్న డాబా మీద చోటుండదు. అందుకే చిత్రీకరించేవాడు పక్కింటి డాబా ఎక్కక తప్పదు.

డాబా మీద ఎగిరేటప్పుడు ఇంకో లెక్క కూడా ఉంది. 2010 నవంబర్ 15న లక్ష్మీ నగర్‌లోని లలితా పార్క్‌లో అయిదంతస్తుల భవనం కూలి దాదాపు 70 మంది చనిపోయారు. అంతకు ముందు వానలకు, యమున పొంగుకు పునాదుల్లో నీరు చేరింది. అనుమతి లేని అంతస్తుల సంగతి, పునాదుల సంగతి ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఇరవై మంది వానరులు ఒకేసారి గెంతడానికి ఏ ఇల్లు ఒప్పుకుంటుంది? మహమ్మారి నిబంధనలు అయిదుగురిని మించి వద్దన్నా, వద్దనకపోయినా ఇలాంటి డాబాలకు అయిదుగురే క్షేమం.

అసలు చిక్కు కథతో వచ్చింది. 'దో గజ్ కీ దూరీ' అని ఫోన్ల రింగుటోన్లు కూడా ఉపదేశిస్తున్న రోజులవి. రామాయణం తెరిస్తే అన్నీ దగ్గరితనాలే. అహల్యకు పాదస్పర్శ. గుహుడితో ఆలింగనం. శబరి ఎంగిలి పండు. ఎంగిలి అనే మాట ఆ నెలల్లో ఎంత భయపెట్టిందో గుర్తుచేసుకుంటే శబరి ఘట్టం ఎంత తెగువగలదో తెలుస్తుంది. యుద్ధాలకు ఇబ్బంది లేదు, బాణాలు దూరం నుంచే వేస్తారు. హనుమంతుడికి, వానరసేనకు మూతి ముసుగు వేషంలోనే ఉంది. రాక్షసులకూ ఫర్వాలేదు. ఇబ్బందంతా ప్రేమించుకునే పాత్రలకే.

అన్నింటికన్నా కష్టం భరత్ మిలాప్. ఉత్తరాదిలో రావణ దహనం మర్నాడు చాలాచోట్ల ఆ ఘట్టానికి ప్రత్యేకంగా జనం వస్తారు. పద్నాలుగేళ్ల తర్వాత అన్నదమ్ములు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుంటారు. ఉన్న కథంతా అదే. ఆ కౌగిలి కోసమే గంటలు కాచుకుంటారు. కెమెరా ఇక్కడ ఉపాయం చెప్పగలదు. రాముడి పరుగు ఒక షాటు, భరతుడి పరుగు ఒక షాటు, మధ్యలో దీపాలు. చూసేవాడు కౌగిలిని మనసులో పూర్తి చేసుకుంటాడు. ఒకే ఇంటి అన్నదమ్ములను ఎంచుకుంటే ఆ ఉపాయం కూడా అక్కర్లేదు. ఆ ఏడాది పాత్రలకు పిల్లలను ఎంచడంలో గొంతు, ఎత్తు, అభినయం కన్నా ఎవరు ఎవరింట్లో ఉంటారన్నదే పెద్ద అర్హత.

ఏడాది ఆగని ఎదుగుదల

ఇంత శ్రమ ఎందుకు, ఒక ఏడాది మానేస్తే ఏమవుతుంది? పెద్దల నాటకానికైతే ఏమీ కాదు. పిల్లల నాటకానికి అవుతుంది. లీలలో రామలక్ష్మణుల వేషాలు సంప్రదాయంగా గొంతు మారని బాలలవి. ఆ వేషం కట్టినంతసేపు వారు పిల్లలు కారు, 'స్వరూపులు'. పెద్దలు వంగి దండం పెడతారు. ఆ వయసు రెండు మూడేళ్ల కన్నా నిలవదు. 2019లో లక్ష్మణుడై, వచ్చే ఏడు రాముడివి నువ్వే అనిపించుకున్న పన్నెండేళ్ల పిల్లవాడికి 2020 పోతే 2021కి మీసాలు మొలుస్తాయి. వాడి రాముడు మరి ఎప్పటికీ రాడు.

ఇది లీలకు మాత్రమే ఉన్న బాధ కాదు. 1892లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదలైన చైకోవ్‌స్కీ 'నట్‌క్రాకర్' బాలే క్రిస్మస్‌కు అమెరికాలో మన రామలీలంత మామూలు. న్యూయార్క్ సిటీ బాలే 1954 నుంచి ఏటా ఆడే ఆ ప్రదర్శనలో పదుల సంఖ్యలో బాలలు పాల్గొంటారు. 2020లో అది ఆగింది, పాత రికార్డింగును ఇంటర్నెట్‌లో చూపారు. మరికొన్ని బృందాలు పిల్లలతో ఆరుబయట ఆడించి వీడియోలు తీశాయి. 2021లో వేదిక తెరిచినా పన్నెండేళ్ల లోపు వారికి అప్పటికి పూర్తిగా టీకా పడలేదని పెద్దపిల్లలనే తీసుకున్నారు. చిన్న దుస్తులు సరిపోక పెద్దవి కుట్టించారు. ఎలుకలు, సైనికులు, దేవతలు అన్నీ ఆ ఏటికి ఒక జానెడు పొడుగయ్యాయి. మన దగ్గర 15 ఏళ్లు దాటినవారికి టీకా 2022 జనవరి 3న, 12 దాటినవారికి మార్చి 16న మొదలైంది. అంటే 2021 దసరాకు మళ్లీ మైదానాలకు వచ్చిన లీలల్లో పిల్లలకెవరికీ టీకా లేదు.

పైగా లీల నేర్చేది బడిలో కాదు. ఈ ఏడు దుప్పటి మీద కూర్చుని నోరు తెరిచి చూసినవాడే వచ్చే ఏడు వానరుడు, ఆపై ఏడు అంగదుడు. చూడటమే శిక్షణ. ఢిల్లీలో చిన్న తరగతుల పిల్లలు బడి గడప మళ్లీ తొక్కింది 2021 నవంబర్‌లో. అదీ కాలుష్యానికి, ఒమిక్రాన్‌కు మళ్లీ మూతపడుతూ 2022 ఫిబ్రవరికి కుదుటపడింది. 2020లో అయిదేళ్లున్న పిల్లవాడు తోటి పిల్లల ముందు ఒక్క పద్యం అప్పజెప్పకుండానే ఏడేళ్లవాడయ్యాడు. అలాంటివాడికి డాబా మీద తోక తగిలించి 'గెంతు' అన్న ఆ గంట తక్కువదేమీ కాదు.

డాబాల మీద సూర్యుడు

దసరా తర్వాత ఢిల్లీలో కేసులు ఎగబాకాయి. నవంబర్ 11న ఒక్కరోజే 8,593. ఆ నెలలోనే ఛఠ్ వచ్చింది. బీహార్, పూర్వాంచల్ కుటుంబాలు దట్టంగా ఉండే తూర్పు ఢిల్లీకి అది దసరా కన్నా పెద్ద పండగ. నదిలో నడుము లోతున నిలబడి అస్తమించే సూర్యుడికి, ఉదయించే సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వాలి. బహిరంగ ఘాట్లలో వద్దని ప్రభుత్వం ఆజ్ఞ. దాన్ని సవాలు చేసిన పిటిషన్‌ను 18న హైకోర్టు తోసిపుచ్చింది. నవంబర్ 20 సాయంత్రం నగరంలో వ్రతం పట్టినవారు డాబాల మీద టబ్బుల్లో, గాలి నింపిన పిల్లల ఈత తొట్లలో నిలబడ్డారు. యమునకు కూతవేటు దూరంలో ఉండీ యమునను తొట్టిలో నింపుకోవలసి వచ్చింది. నెల కిందట లంక అయిన డాబా ఈసారి ఘాటయింది.

2021 వేసవి ఢిల్లీకి ఏం చేసిందో చెప్పనక్కర్లేదు. ఆక్సిజన్ కోసం, చితి కోసం క్యూలు కట్టిన నగరం జూన్‌లో మళ్లీ తలుపులు తెరిచింది. లక్ష్మీ నగర్ బజారు ఒక్కసారిగా పోటెత్తింది. నిబంధనలు పాటించడం లేదంటూ జూన్ 29న అధికారులు లక్ష్మీ నగర్ మెయిన్ బజారును, ఆనుకుని ఉన్న మంగళ్ బజారు తదితర మార్కెట్లను జులై 5 దాకా మూసేశారు. ఊపిరాడనంత ఇరుకే ఈ పేట వ్యాపారం. అదే ఇక్కడి నేరం కూడా అయింది. కొనేవాళ్లు ఒకరినొకరు రాసుకుంటూ పోకపోతే మంగళ్ బజారు మంగళ్ బజారు కాదు. లీల సంగతీ అంతే.

ఇప్పుడు వికాస్ మార్గ్ మీద హోర్డింగులు మళ్లీ నిండుగా ఉన్నాయి. మైదానాల్లో దసరాకు రంగులరాట్నాలు తిరుగుతున్నాయి. ఫోన్లు మాత్రం వెనక్కి పోలేదు. లీల చూడవచ్చినవారిలో సగం మంది చేతులెత్తి తెరలోంచే చూస్తున్నారు. అప్పట్లో కెమెరా లేకపోతే లీల లేదు, ఇప్పుడు లీల ముందు నిలబడి కూడా కెమెరా దించడం లేదు. ఆ ఏటి వీడియోలు పాత ఫోన్లలో, నిండిపోయిన మెమొరీ కార్డుల్లో ఎక్కడో ఉండే ఉంటాయి. చిత్రకళగా వాటికి విలువ లేకపోవచ్చు. గాలికి కిరీటం వంగుతుంది, సంభాషణ మధ్యలో ప్రెషర్ కుక్కర్ కూస్తుంది, సీత వెనుక ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. అయితే లక్ష్మీ నగర్‌లో అమ్ముడుపోయే పెన్‌డ్రైవ్ పాఠానికి లేనిది వాటికొకటి ఉంది. చివర్లో హారతి అయ్యాక, చిత్రీకరణ ఆపడం మరచిపోయిన ఆ రెండు మూడు క్షణాల్లో, చుట్టుపక్కల డాబాల మీది నుంచి ఎవరో చప్పట్లు కొడితే అదీ రికార్డవుతుంది. ఫ్రేములో కనిపించని ఆ చప్పట్ల వైపు పిల్లలు తల తిప్పి చూస్తారు. పాదాలు కోసేయకుండా, వెలుగు పోకుండా ఎంత జాగ్రత్తగా తీసినా కెమెరాకు చిక్కనిది ఆ చూపు వెళ్లిన వైపే ఉంది.